చెయ్యి మాత్రమే నిద్రపోతుంది



కిందటి నెలలో కవిటి ప్రాంతంనుండి ఒక సహోదరి మాకు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. వారి మామగారు కొబ్బరితోటల్లో పనిచేసి కుటుంబాన్ని పోషించిన మనిషి. ఉద్దానంలో ఎందరి ఇళ్లలోనో దూరిన మూత్రపిండాల జబ్బు ఆయన్ను కూడా పట్టుకున్నది. మెడ దగ్గర గొట్టం పెట్టి, దాని ద్వారా డయాలసిస్ చేస్తున్నారు. ఇప్పుడు డాక్టర్లు ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయాలని చెప్పారట. మనిషికంతా మత్తు ఇవ్వము, స్కానింగులో చూసుకుంటూ భుజం దగ్గర సూదివేసి చెయ్యి ఒక్కదాన్ని మొద్దుబారేటట్టు చేస్తాము అన్నారట. ఆ మాట విన్న దగ్గరనుండి మామగారు ఆపరేషనే వద్దని మంకుపట్టు పట్టారు. "మెడ గొట్టం బాగానే ఉంది కదా, చచ్చేదాకా అదే చాలు" అంటున్నారట.

ఆ సహోదరి అడిగిన ప్రశ్నలు మూడు. స్కానింగు కడుపుతో ఉన్నవారికి కదా తీస్తారు, చేతికి ఎందుకు? మెలకువగా ఉన్న మనిషికి కత్తి కోత తెలియకుండా ఎలా ఉంటుంది? నరంలో సూది వేస్తే చెయ్యి శాశ్వతంగా పడిపోదా? మూడవది మామగారి ప్రశ్న. దానికి ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేకపోయారని వ్రాశారు. ఇదే భయంతో ఆపరేషన్ మానుకున్నవారిని మేము చాలామందిని చూశాము గనుక, ఆమె అనుమతితో ఈ నెల శీర్షిక అంతా ఆ ఉత్తరానికే కేటాయిస్తున్నాము.

మొదట ఒక మాట సరిచేసుకుందాము. మన తెలుగులో "నరం" అనే మాటను రెండు వేర్వేరు వాటికి వాడుకుంటున్నాము. "సెలైను పెట్టడానికి నరం దొరకలేదు" అంటాము. అది నిజానికి రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకుపోయే సిర. "నరాల బలహీనత" అన్నప్పుడు చెప్పేది వేరే నరం. అందులో రక్తం పారదు. అది తెల్లని దారపు ఉండలాంటిది. మెదడునుండి కండరాలకు ఆజ్ఞలు, చర్మంనుండి మెదడుకు నొప్పి, వేడి, చలి కబుర్లు దానిగుండా ప్రయాణం చేస్తాయి. మామగారి చేతికి మత్తు ఇచ్చేది ఈ రెండవ రకం నరాలకు. అదికూడా నరం లోపలికి సూది గుచ్చి కాదు, నరం చుట్టూ మందు పోసి. మందు నరాన్ని తడిపినంతసేపు కబుర్లు ఆగిపోతాయి. మందు రక్తంలో కలిసిపోయాక కబుర్లు మళ్లీ నడుస్తాయి. టెలిఫోను తీగను కోసివేయడం కాదు, కాసేపు లైను ఆపడం.

చేతికి వెళ్లే నరాలన్నీ మెడ ఎముకల మధ్యనుండి ఐదు వేళ్లుగా బయలుదేరి, ఒకదానితో ఒకటి కలుస్తూ విడిపోతూ, కాలరు ఎముక వెనుకగా మొదటి పక్కటెముక మీదుగా చంకలోకి దిగుతాయి. కాలరు ఎముక వెనుక అవన్నీ ఒక్కచోట గుత్తిగా ఉంటాయి. అక్కడ మందు పోస్తే మోచేతినుండి వేళ్ల కొసలదాకా మొద్దుబారుతుంది. చెప్పడానికి ఇంత సులువు. అయితే ఆ గుత్తి పక్కనే చేతికి రక్తం తీసుకుపోయే పెద్ద ధమని కొట్టుకుంటూ ఉంటుంది. దాని కిందనే, వేలెడు దూరం కూడా లేకుండా, ఊపిరితిత్తి పైకొన ఉంటుంది. చూడకుండా సూది వేసే మనిషికి ఇది ఎంత ఇరుకైన చోటో ఊహించండి.

చాలా ఏళ్లు మేమందరం చూడకుండానే వేశాము.

1884లో వియన్నా నగరంలో కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు కొకెయిను చుక్కలు కంట్లో వేస్తే కన్ను మొద్దుబారుతుందని చూపించాడు. వెంటనే అమెరికాలో హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు ఆ మందును నరాల దగ్గర సూదిద్వారా వేయడం మొదలుపెట్టాడు. తమమీద తామే పరీక్షలు చేసుకుని, పాపం, ఆయన కూడా ఆయన సహచరులు కూడా కొకెయినుకు బానిసలైపోయారు. 1911లో కూలెన్‌కాంఫ్ అనే జర్మను వైద్యుడు కాలరు ఎముకపైన చర్మంగుండా సూది వేసే పద్ధతిని మొదట తన భుజంమీదే పరీక్షించుకున్నాడు. ఈనాడు హాయిగా చెయ్యి మొద్దుబారుతున్నదంటే దాని వెనుక ఇటువంటివారు ఉన్నారు. 1943లో స్వీడను దేశంలో లిగ్నోకెయిను తయారైన తరువాత మందు విషయంలో భయం చాలావరకు తగ్గింది. చోటు కనుక్కోవడం మాత్రం చేతివేళ్ల గుర్తు మీదనే సాగింది.

మేము నేర్చుకున్న రోజుల్లో ధమని కొట్టుకునే చోటు వేలితో పట్టుకుని, దాని పక్కనుండి సూదిని మెల్లగా దించేవాళ్లము. "చేతిలోకి జల్లుమందా తాతా? వేళ్లదాకా కరెంటు కొట్టినట్టయిందా?" అని అడుగుతూ ఉండేవాళ్లము. జల్లుమన్నది అంటే సూది నరాన్ని తాకిందని అర్థం. అక్కడ 30 లేక 40 మిల్లీలీటర్ల మందు ఎక్కించేవాళ్లము. కొంతకాలానికి నరాన్ని చిన్న కరెంటుతో తట్టే యంత్రం వచ్చింది. సూది నరం దగ్గరికి చేరితే వేళ్లు వాటంతటవే ఎగురుతాయి. అది కొంత మేలే. అయినా సూది మొన ఎక్కడున్నదో కంటికి కనబడేది కాదు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. చాలా ఏళ్ల కిందట ఒక ఆసుపత్రిలో ఇరవై ఏళ్ల కుర్రవాడికి నూర్పిడి యంత్రంలో పడి నలిగిన చేతికి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. కాలరు ఎముకపైన సూది వేసింది మేమే. చెయ్యి చక్కగా మొద్దుబారింది, ఆపరేషన్ బాగా జరిగింది, మేము సంతోషంగా ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్నాము. రాత్రి ఎనిమిది గంటలకు కబురు వచ్చింది. కుర్రవాడికి ఊపిరి ఆడడం లేదు. ఎక్సురే తీసి చూస్తే సూది ఊపిరితిత్తిని గుచ్చింది. గాలి బయటికి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. అప్పటికప్పుడు పక్కటెముకల మధ్యనుండి గొట్టం వేశాము. నాలుగు రోజులు ఆ గొట్టంతోనే పడుకున్నాడు. బ్రతికాడు, చెయ్యి కూడా నిలిచింది. కాని వాళ్లమ్మ వార్డు గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపి, "చెయ్యి బాగుచేయించడానికి తెస్తే గుండెల్లో గొట్టం ఏటి బాబూ?" అని అడిగింది. "అప్పుడప్పుడు అలా అవుతుందమ్మా" అని చెప్పి వచ్చేశాము. ఆ మాట అబద్ధం కాదు, పుస్తకాల్లో కూడా ఉన్నది. కాని ఆమెకు అది జవాబు కాదు. ఆ తరువాత చాలాకాలం మేము ఆ చోట సూది వేయడమే మానుకున్నాము. పూర్తి మత్తు తట్టుకోలేని ముసలివారు వస్తే, ఈ భయంవల్లనే చంకలో వేసే సూదితో సరిపెట్టుకున్నాము. అది ఒక్కోసారి పనిచేసేది, ఒక్కోసారి సగం చెయ్యికే పనిచేసేది.

ఇప్పుడు సహోదరి మొదటి ప్రశ్నకు వద్దాము.

అల్ట్రాసౌండు అంటే మన చెవికి వినబడని శబ్దం. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాలవరకే వినగలదు. భుజంమీద పెట్టే పరికరం సెకనుకు 60 లక్షలనుండి కోటిన్నరవరకు కంపించే శబ్దాన్ని లోపలికి పంపుతుంది. గబ్బిలం చీకట్లో తన కూత ప్రతిధ్వనినిబట్టి గోడను తెలుసుకున్నట్టే, ఈ యంత్రం తిరిగివచ్చే ప్రతిధ్వనులను బొమ్మగా చూపిస్తుంది. గర్భంలో ఉన్న బిడ్డను చూసేదీ ఈ శబ్దమే. ఎక్సురేవంటి కిరణాలు ఇందులో లేవు. బిడ్డకోసం లోతుగా చూడాలి గనుక తక్కువ కంపనాలు వాడతారు. భుజం నరాలు చాలామందికి రెండు మూడు సెంటీమీటర్ల లోపే ఉంటాయి గనుక ఎక్కువ కంపనాలు వాడితే బొమ్మ స్పష్టంగా వస్తుంది.

1978లోనే కొందరు వైద్యులు ధమని శబ్దాన్ని ఈ రకం యంత్రంతో విని, దానినిబట్టి భుజంలో సూది వేశారు. సూదినీ, నరాన్నీ, మందునూ తెరమీద చూస్తూ వేసినట్టు 1994లో వియన్నానుండి కాప్రాల్, ఆయన సహచరులు ప్రకటించారు. కోలరు ఊరే, నూటపదేళ్ల తరువాత. మనవైపు యంత్రాలు రావడానికి మరికొన్ని ఏళ్లు పట్టింది. మేము మొదటిసారి తెరమీద ఆ చోటును చూసిన రోజు ఇంకా గుర్తున్నది. నడుమ నల్లని గుండ్రని చుక్క టపటప కొట్టుకుంటూ ఉన్నది. అది ధమని. దాని పక్కన చిన్న ద్రాక్షగుత్తిలాగా నరాలు. కింద తెల్లని గీత, దాని వెనుక నల్లని నీడ. అది మొదటి పక్కటెముక. ఆ గీత పక్కనే మరొక మెరిసే గీత, శ్వాస తీసినప్పుడల్లా అటూ ఇటూ జారుతున్నది. అది ఊపిరితిత్తి పొర. మాకు ఆ కుర్రవాడే కళ్లముందు నిలిచాడు. ఇన్నాళ్లూ దీని పక్కనా మేము కళ్లకు గంతలు కట్టుకుని తిరిగింది అనిపించింది.

పని జరిగే తీరు ఇది. మెడ పక్కన చర్మాన్ని మందుతో శుభ్రం చేసి, చల్లటి జెల్లీ రాసి, సబ్బుబిళ్లంత పరికరాన్ని ఆనిస్తారు. డాక్టరు తెరవైపు చూస్తూ పక్కనుండి సన్నని సూదిని పంపుతాడు. సూది తెల్లని గీతలాగా నరాలవైపు వెళ్లడం తెరమీద కనిపిస్తుంది. మొదట కొద్దిగా మందు వదులుతాడు. మందు నల్లని మడుగులాగా నరాల చుట్టూ పరుచుకుంటే చోటు సరిగ్గా ఉన్నట్టు. పరుచుకోకుండా మాయమైతే రక్తనాళంలోకి పోతున్నదేమోనని ఆపివేస్తాడు. చోటు తెలుసు గనుక మునుపటికంటె తక్కువ మందుతో పని జరుగుతుంది. రోగికి తెలిసేది ఒక చీమకుట్టినంత నొప్పి, భుజంలో కొంత ఒత్తిడి.

రెండవ ప్రశ్న. పదిహేను నిమిషాలనుండి అరగంటలో చెయ్యి వెచ్చబడి, బరువెక్కి, తరువాత తనది కానట్టు అయిపోతుంది. కత్తి పెట్టేముందు డాక్టరు చల్లని దూది పెట్టి, చిన్నగా గిల్లి పరీక్షిస్తాడు. ఎవరో ముట్టుకుంటున్నట్టు, లాగుతున్నట్టు అనిపించవచ్చు. కోత నొప్పి తెలియకూడదు. తెలిస్తే వెంటనే చెప్పాలి, మొహమాటపడకూడదు. ఒక్కోసారి ఒక నరం మిగిలిపోతుంది. అప్పుడు మరికొంత మందు వేస్తారు, లేదా వేరే మార్గం చూస్తారు. అడ్డంగా గుడ్డ కడతారు గనుక ఆపరేషన్ కంటికి కనిపించదు. మాట్లాడుకోవచ్చు. ఒక పెద్దాయన ఆపరేషన్ సగంలో మమ్మల్ని పిలిచి, "నా చెయ్యేది బాబూ, కింద పడిపోలేదు కదా?" అని అడిగాడు. చెయ్యి పక్కన బల్లమీదే ఉన్నది.

ఫిస్టులాకు ఈ పద్ధతివల్ల మరొక లాభం ఉన్నది. ఫిస్టులా అంటే చేతిలోని ధమనిని సిరతో కలిపి కుట్టడం. రక్తం వేగంగా పారి, కొన్ని వారాలకు సిర లావై, డయాలసిస్ సూదులను తట్టుకుంటుంది. నరాలకు మత్తు ఇస్తే చేతి రక్తనాళాలు వదులై వెడల్పవుతాయి. స్కాట్లండులోని గ్లాస్గోలో 126 మందిని రెండు భాగాలు చేసి, సగంమందికి అల్ట్రాసౌండు చూస్తూ భుజం నరాలకు, సగంమందికి కోసే చోట మాత్రమే మత్తు ఇచ్చారు. మూడు నెలల తరువాత చూస్తే మొదటివారిలో నూటికి 84 మందికి ఫిస్టులా పనిచేస్తున్నది. రెండవవారిలో నూటికి 62 మందికే. 2016లో ఇది లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఫిస్టులా మూసుకుపోతే మళ్లీ ఆపరేషన్, మళ్లీ మెడ గొట్టం. మెడ గొట్టం ఎంత ఎక్కువకాలం ఉంటే రక్తంలో చీము చేరే ప్రమాదం అంత ఎక్కువ. "గొట్టం బాగానే ఉంది" అనే మామగారికి ఈ సంగతి ఎవరైనా నెమ్మదిగా కూర్చుని చెప్పాలి. చలిజ్వరంతో వణుకుతూ డయాలసిస్ గదికి తిరిగివచ్చిన మనుషులను చూసి ఈ మాట అంటున్నాము.

మూడవ ప్రశ్నకు దాపరికం లేకుండా జవాబు చెబుతాము. చెయ్యి పడిపోయినట్టు ఉండడం నిజమే, కాని కొన్ని గంటలపాటే. లిగ్నోకెయిను అయితే రెండు మూడు గంటలు, బూపివకెయిను అయితే పది పన్నెండు గంటలు, కొందరికి ఇంకా ఎక్కువ. కొద్దిమందికి కొన్ని రోజులు, వారాలు తిమ్మిరి మిగిలి, చాలామందికి దానంతటదే పోతుంది. ఎక్కువకాలం ఉండిపోయే నరం దెబ్బ పది వేలమందిలో ఏ కొద్దిమందికో వస్తుంది. తెరమీద చూసి వేయడంవల్ల రక్తనాళానికి సూది తగలడం, మందు రక్తంలో చేరి విషమించడం తగ్గాయి. నరం దెబ్బ కూడా అంతగా తగ్గిందని రుజువు చేయడానికి ఇప్పటివరకు వచ్చిన లెక్కలు చాలవు. తెర ఉన్నంతమాత్రాన సూది మొన ఎప్పుడూ కనిపించదు. డాక్టరు చెయ్యి కొంచెం పక్కకు జరిగినా మొన బొమ్మలోనుండి తప్పుకుంటుంది. మొన కనబడనప్పుడు ఆగడం నేర్చుకోవడానికే మాకు చాలా నెలలు పట్టింది. కొత్త యంత్రం కొన్నామని గోడలమీద ప్రకటనలు వేసే ఆసుపత్రులను చూస్తే మాకు కొంచెం చిరాకు కలుగుతుంది. యంత్రంకంటె ముందు అడగవలసింది దానిమీద తర్ఫీదు పొందిన మనిషి ఉన్నాడా అని.

మందు పొరబాటున రక్తంలోకి పోతే చెవిలో గింగురుమనడం, నాలుక మొద్దుబారడం, నోటిలో ఇనుప రుచి రావడం, ఎక్కువైతే మూర్ఛ, గుండె ఆగిపోవడం కూడా జరగవచ్చు. అందుకే సూది వేసేటప్పుడు డాక్టరు మాట్లాడిస్తూ ఉంటాడు. విసుక్కోకుండా జవాబు చెప్పాలి. దీనికి పాలలాగా తెల్లగా ఉండే కొవ్వు ద్రావకం విరుగుడుగా పనిచేస్తుందని 1998లో ఎలుకలలో తెలిసింది, 2006లో మనిషి ప్రాణం దానితో నిలిచినట్టు ప్రకటించారు. ఆ సీసా ఆపరేషన్ గదిలో ఉండాలి. సూది తరువాత ఆ పక్క కనురెప్ప వాలడం, గొంతు బొంగురుపోవడం కూడా కొందరికి జరుగుతుంది. భయపడనక్కరలేదు, మందుతోపాటే పోతుంది. మరొకటి మాత్రం జాగ్రత్తగా వినాలి. కాలరు ఎముకపైన మందు వేస్తే ఊపిరికి తోడ్పడే డయాఫ్రం కండరం ఒక పక్క కొన్ని గంటలు మొద్దుబారవచ్చు. గట్టి ఊపిరితిత్తులు ఉన్నవారికి ఆ తేడాయే తెలియదు. మామగారికి బీడీల అలవాటు, ఏళ్ల తరబడి దగ్గు ఉన్నవని ఉత్తరంలో ఒక మూలన వ్రాశారు. అది మూలన వ్రాయవలసిన సంగతి కాదమ్మా, మత్తు డాక్టరుకు మొట్టమొదట చెప్పవలసిన సంగతి. అది తెలిస్తే ఆయన చంకలోని నరాలకు మందు వేయవచ్చు. అక్కడ ఊపిరితిత్తి లేదు, డయాఫ్రానికి వెళ్లే నరమూ లేదు. తెరమీద చూసి వేస్తే చంకలో సూది కూడా మునుపటిలాగా సగం చెయ్యితో ఆగిపోదు.

ఇంకొక సందర్భం కూడా పల్లెల్లోని కుటుంబాలు తెలుసుకుంటే మంచిది. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగిన పెద్దవారిని ఎక్సురే బల్లమీదికి ఎక్కించేటప్పుడు వాళ్ల కేక ఎంతదూరం వినిపిస్తుందో అందరికీ తెలుసు. గజ్జ దగ్గర కండరం పొర కింద ఇదేవిధంగా మందు వేస్తే ఆ నొప్పి చాలావరకు తగ్గుతుంది. అడిగితే తప్పులేదు.

యంత్రం ఉన్నచోట "ఇచ్చట గర్భస్థ శిశువు లింగనిర్ధారణ చేయబడదు" అన్న బోర్డు చూసి, చెయ్యి ఆపరేషన్ గదిలో ఇదేమిటని ఒక బంధువు మమ్మల్ని అడిగారు. ఆడపిల్లలను గర్భంలోనే తెలుసుకుని చంపే పాపాన్ని ఆపడానికి 1994లో చేసిన చట్టం 1996 జనవరి 1నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి అల్ట్రాసౌండు యంత్రాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి, నరాలకోసం మాత్రమే వాడేదాన్ని కూడా. ఒకచోట నమోదైన యంత్రాన్ని మరొక ఆసుపత్రికి ఇష్టం వచ్చినట్టు మోసుకుపోవడానికి వీలులేదు. చిన్న పట్టణాల్లో తిరిగి పనిచేసే మత్తు డాక్టర్లకు ఇది ఇబ్బందే. మేమూ ఆ కాగితాల గురించి గొణుక్కున్నవాళ్లమే. ఎందుకు వచ్చిందో తలచుకుంటే గొణుగుడు తగ్గుతుంది.

సహోదరీ, ఇక మీకు. చెయ్యి ఒక్కటే కదా అని మామగారికి ఆ ఉదయం గంజి పోయకండి. మత్తు పద్ధతి మార్చవలసి వస్తే పొట్ట ఖాళీగా ఉండాలి. ఆరు గంటల ముందునుండి తిండి వద్దు. మంచినీళ్లు ఎప్పటివరకు, ఎన్ని త్రాగవచ్చో డాక్టరునే అడగండి, డయాలసిస్ రోగికి నీటి లెక్క వేరు. రక్తం పలుచబడే మాత్రలు, బి.పి. మాత్రలు, నాటు మందులు ఏవి వాడుతున్నా చీటీమీద వ్రాసి తీసుకువెళ్లండి. ఆపరేషన్ తరువాత చెయ్యి వ్రేలాడకుండా మెడకు గుడ్డ కట్టి ఉంచండి. స్పర్శ వచ్చేవరకు వేడి గ్లాసు, పొయ్యి, బీడీ నిప్పు ఆ చేతి దరిదాపులకు రానివ్వకండి, కాలినా ఆయనకు తెలియదు. మత్తు విడిచేది చాలామందికి అర్ధరాత్రి. నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. కనుక డాక్టరు ఇచ్చిన నొప్పి మాత్రను తిమ్మిరి తగ్గడం మొదలవగానే వేయండి, మూలుగు వినేవరకు ఆగకండి. మూత్రపిండాల రోగి గనుక మందుల షాపులో అడిగి తెచ్చిన వేరే నొప్పి మాత్రలు మాత్రం వద్దు. ఊపిరి ఆయాసంగా ఉన్నా, మరునాటికి కూడా వేళ్లు కదలకపోయినా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆ చేతికి ఇకమీదట బి.పి. పట్టీ చుట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి.

చెయ్యి లేచాక కుట్టు దగ్గర మెల్లగా వేలు ఆనించి చూడమనండి. లోపల గిర్రుమని తిరుగుతున్నట్టు తెలుస్తుంది. రోజూ ఉదయం లేవగానే అలా చూసుకోవాలి. ఆగినట్టు అనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మామగారు ఒప్పుకుంటే ఆపరేషన్ తేదీ మాకు ఒక కార్డు వ్రాయండి. ఒప్పుకోకపోతే ఆయనకు ఇంకా ఏ ప్రశ్న మిగిలిందో, ఆయన మాటల్లోనే వ్రాయించి పంపండి.